మరిగినా విరగని విషం: సముద్రపు నీటి గురించి పాఠకుల ప్రశ్నలు

కార్తీకం దగ్గర పడుతున్నందున సముద్ర స్నానాల గురించి, సముద్రపు తిండి గురించి సందేహాలు రాయమని కిందటి సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాలన్నీ చదివాక ఒక సంగతి తెలిసివచ్చింది. నీటిలోని సూక్ష్మజీవినీ, ఆ సూక్ష్మజీవి తయారుచేసే విషాన్నీ చాలామంది ఒకటే అనుకుంటున్నారు. సూక్ష్మజీవికి ప్రాణముంది కనుక పొయ్యి మీద చచ్చిపోతుంది. అది అప్పటికే తయారుచేసి ఉంచిన విషానికి ప్రాణం లేదు, అది ఒక రసాయనం. అందుకే చాలా సందర్భాల్లో ఎంత మంట పెట్టినా అది అలాగే ఉండిపోతుంది. ఈ తేడా మనసులో ఉంచుకుని కింది జవాబులు చదవవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర తీరగ్రామం. మా ఇంట్లో అప్పుడప్పుడు గుల్లలు ఏరి తెచ్చుకుని, ఉప్పూ పసుపూ వేసి కడిగి, చింతపండు పులుసులో బాగా మరిగించి తింటాం. తమిళనాడులోనూ కేరళలోనూ ఇలాంటివే తిని మనుషులు చనిపోయారని కాలేజీలో చదువుతున్న మా అబ్బాయి అంటున్నాడు. అంతసేపు మరిగాక కూడా విషం ఉంటుందా?

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమండి. 1981లో తమిళనాడులోని వాయలూరులో గుల్లలు తిన్నవారిలో 85 మంది ఆసుపత్రి పాలయ్యారు, ముగ్గురు చనిపోయారు. 1983లో మంగళూరు సమీపంలో అలాగే గుల్లలు తిని ఒక బాలుడు ప్రాణం కోల్పోయాడు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం 1997 సెప్టెంబరులో కేరళలోని విళింజంలో జరిగింది. అక్కడ రాళ్లకు అంటుకుని పెరిగే గోధుమరంగు ఆల్చిప్పలు తిన్నవారిలో ఏడుగురు మరణించారు, 500 మందికి పైగా చికిత్స పొందవలసి వచ్చింది. వీరెవరూ పచ్చివి తినలేదు. మన వైపు వండుకున్నట్టే వండుకుని తిన్నారు.

ఈ విషం ఆల్చిప్పలో పుట్టింది కాదు. సముద్రపు నీటిలో కంటికి కనిపించని ఏకకణ జీవులు కోట్ల సంఖ్యలో తేలుతూ ఉంటాయి. వీటిని ప్లవకాలు అంటారు. వీటిలో డైనోఫ్లాజెల్లేట్లు అనే ఒక తెగ ఉంది. ఆ తెగలోని అలెగ్జాండ్రియం, జిమ్నోడీనియం కాటనేటం, పైరోడీనియం వంటి కొన్ని జాతులు సాక్సిటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. గుల్లలూ ఆల్చిప్పలూ కదలకుండా ఒకచోట ఉండి, నీటిని లోపలికి పీల్చి, అందులోని ప్లవకాలను వడగట్టి తింటాయి. ఒక ఆల్చిప్ప రోజుకు ఎన్నో లీటర్ల నీటిని ఇలా వడపోస్తుంది. నీటిలో పలచగా ఉన్న విషం వడపోత సాగినకొద్దీ దాని మాంసంలో పేరుకుపోతుంది. ఆ విషం ఆల్చిప్పను పెద్దగా బాధించదు కాబట్టి అది చావదు, దుర్వాసన రాదు, రంగు మారదు. తాజాగా, నిగనిగలాడుతూ చేతికి వచ్చిన ఆల్చిప్పలోనే ప్రాణాంతకమైన మోతాదు ఉండవచ్చు.

ఇక మీరు అడిగిన అసలు సంగతి. సాక్సిటాక్సిన్ మరిగే నీటి వేడికి చెడిపోదు. చింతపండు పులుపు దాన్ని విరచదు సరికదా, పులుపున్న నీటిలో అది మరింత నిలకడగా ఉంటుంది. పసుపుకు దానిమీద ఏ ప్రభావమూ లేదు. అది నీటిలో కరిగే పదార్థం కనుక మాంసం నుంచి కొంత పులుసులోకి దిగుతుంది, ఆ పులుసునూ మనం వదలకుండా అన్నంలో కలుపుకుంటాం. ఫ్రీజర్లో పెట్టినా ఇది పోదు.

మన నరాలు కబురు పంపాలంటే నాడీకణాల గోడల్లోని సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి రావాలి. సాక్సిటాక్సిన్ ఆ ద్వారాలకు బిరడాలా అడ్డుపడుతుంది. తిన్న అరగంట నుంచి రెండు గంటల లోపల పెదవులు, నాలుక, వేళ్ల చివరలు తిమ్మిరెక్కుతాయి. తరువాత మాట తడబడుతుంది, కాళ్లు తేలిపోయినట్టు అనిపిస్తుంది, వాంతులు కావచ్చు. మోతాదు ఎక్కువైతే ఊపిరి తీయించే కండరాలు పనిచేయడం మానేస్తాయి. మనిషిని చంపడానికి కొన్ని మిల్లీగ్రాములు చాలు. అందుకే కిలో మాంసంలో 800 మైక్రోగ్రాములు, అంటే ఒక మిల్లీగ్రాము కన్నా తక్కువ, దాటితే ఆ సరుకును అమ్మరాదని అనేక దేశాలు హద్దు పెట్టుకున్నాయి.

దీనికి విరుగుడు మందు లేదు. కానీ ఆశ వదులుకోవలసిన పని లేదని గట్టిగా చెబుతున్నాను. శరీరం ఈ విషాన్ని మూత్రం ద్వారా బయటికి పంపగలదు. ఆ లోపల ఊపిరి ఆగకుండా వెంటిలేటర్ మీద ఉంచగలిగితే రోగి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటాడు. కాబట్టి పెదవులు తిమ్మిరెక్కాయని ఎవరైనా అంటే మజ్జిగ తాగించి పడుకోబెట్టకండి. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లి, ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో డాక్టరుకు చెప్పండి. మిగిలిన కూరను పారేయకుండా మూతపెట్టి వెంట తీసుకువెళ్లండి.

గుల్లలు పూర్తిగా మానేయమని నేను అనను. తీరం వెంబడి ఎన్నో కుటుంబాలకు అవి పైసా ఖర్చు లేకుండా దొరికే పోషకాహారం. నీటి రంగు మారినప్పుడూ, చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకువచ్చినప్పుడూ, ఆ తరువాత కొన్ని వారాల పాటూ ఏరడం మానండి. ఎందుకంటే నీళ్లు తేటపడిన తరువాత కూడా గుల్లలోని విషం వెంటనే దిగిపోదు. మురుగు కాలువలు, రేవు కాలువలు కలిసే చోట ఎప్పుడూ ఏరకండి. గుల్ల సున్నానికి ఏరిన కుప్పల్లోంచి నాలుగు ఇంటికి తెచ్చుకునే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అవి ఏ నీటిలోవో తెలియకపోతే వాటిని వంటింట్లోకి రానివ్వకపోవడమే మేలు.

ప్రశ్న: రాత్రిపూట అలలు నీలంగా వెలగడం వీడియోల్లో చూశాను. మా విశాఖలో అలా కనిపిస్తే పిల్లలను తీసుకువెళ్లి చూపించవచ్చా? నీళ్లు ఎర్రగానో పచ్చగానో మారితే ప్రమాదం అంటారు, ఈ వెలుగు కూడా అలాంటిదేనా?

జవాబు: ఆ వెలుగుకు సాధారణంగా కారణం నాక్టిలూకా అనే ఏకకణ జీవి. దాన్ని సముద్రపు మిణుగురు అనుకోండి. అల విరిగి నీరు కదిలినప్పుడల్లా దాని కణంలో ఒక రసాయన చర్య జరిగి నీలి మెరుపు పుడుతుంది. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో జనం రాత్రివేళ గుంపులుగా వెళ్లి చూసింది దీన్నే. ఇది పైన చెప్పిన సాక్సిటాక్సిన్ వంటి విషాలను తయారుచేయదు. ఒడ్డున నిలబడి చూడవచ్చు. అయితే దాని కణాల్లో అమ్మోనియా ఉంటుంది కాబట్టి దట్టంగా ఉన్న నీటిలో దిగితే చర్మం, కళ్లు మండవచ్చు. పిల్లలను ఆ నీటిలో ఆడనివ్వకండి, అంతే.

మనిషికి అంతగా హాని చేయని ఈ జీవి చేపలకు మాత్రం యమగండమే. అది కోట్లలో పెరిగి, ఒక్కసారిగా చచ్చి కుళ్లితే నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో పాంబన్, మండపం వైపు నీళ్లు పచ్చగా మారి చేపలు చచ్చి తేలినది ఇలాగే. అలా తేలిన చేపలను ఏరుకుని తినడం గానీ, ఎండబెట్టి అమ్మడం గానీ చేయకూడదు. అవి ఎప్పుడు చచ్చాయో, నీటిలో ఇంకేమి ఉన్నాయో చూసి చెప్పే వీలు ఎవరికీ లేదు.

మీ ప్రశ్నలో రెండో భాగం ముఖ్యమైనది. రంగును బట్టి విషాన్ని పోల్చుకోవడం కుదరదు. నీరు నెత్తురులా ఎర్రబడినా విషం లేకపోవచ్చు. నీరు అద్దంలా తేటగా ఉన్నా విషం ఉండవచ్చు. డైనోఫైసిస్ అనే జాతి లీటరు నీటిలో కొన్ని వందల కణాలు ఉన్నా చాలు, ఆల్చిప్పలు తిన్నవారికి తీవ్రమైన విరేచనాలు పట్టుకుంటాయి. అన్ని తక్కువ కణాలు నీటికి ఏ రంగునూ ఇవ్వలేవు. ప్లవకాలు విపరీతంగా పెరిగి నీటి రంగు మారడానికి ‘ఎర్ర కెరటం’ అనే పేరు మన పుస్తకాల్లో స్థిరపడిపోయింది కానీ, ఆ పేరు జనాన్ని పొరపాటు దారి పట్టిస్తున్నదని నా అభిప్రాయం. ఎరుపు కనిపించలేదు కాబట్టి భయం లేదనుకునేవారిని నేను చూశాను.

నీటి రంగును ఆకాశం నుంచి చూసి హెచ్చరించే ఏర్పాటు మాత్రం మనకు ఉంది. సముద్రం కనిపించని హైదరాబాద్‌లో కూర్చుని దేశంలోని సముద్రాలన్నిటినీ కనిపెట్టి ఉండే సంస్థ ఒకటుందని చాలామందికి తెలియదు. సునామీ హెచ్చరికలు, ఎక్కడ వల వేస్తే చేప పడుతుందో చెప్పే సూచనలు ఇచ్చే ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమే అది. ఉపగ్రహాలు పంపే సమాచారంతో ప్లవకాలు ఎక్కడ విపరీతంగా పెరుగుతున్నాయో కూడా అది ప్రకటిస్తుంది. ఇందుకోసం ప్రత్యేకంగా గుర్తించిన నాలుగు ప్రాంతాల్లో ఒకటి ఒడిశాలోని గోపాల్‌పూర్ తీరం, అంటే మన శ్రీకాకుళానికి పక్కనే. మిగిలినవి ఈశాన్య అరేబియా సముద్రం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ. ఉపగ్రహం చూడగలిగేది రంగునే, విషాన్ని కాదు. విషం సంగతి తేలాలంటే ఎవరో ఒకరు పడవ మీద వెళ్లి నీళ్లూ ఆల్చిప్పలూ తెచ్చి ప్రయోగశాలలో పరీక్షించాలి. ఎగుమతి అయ్యే సరుకు మీద పెడుతున్న శ్రద్ధ, సంతలో గంపలో అమ్ముడయ్యే సరుకు మీద కూడా ఉండాలని అడిగే హక్కు మనకుంది.

ఈ జీవులు ఒక్కసారిగా ఎందుకు పెరుగుతాయని మరో ముగ్గురు అడిగారు. లోతు నుంచి పోషకాలున్న చల్లని నీరు పైకి రావడం వంటి సహజ కారణాలు ఎప్పుడూ ఉన్నవే. వాటికి మనం పొలాల ఎరువును, శుద్ధి చేయని మురుగును జోడిస్తున్నాం. ఓడలు బరువు కోసం ఒక రేవులో నింపుకున్న నీటిని మరో రేవులో వదిలేటప్పుడు ఈ జీవుల విత్తనాల వంటి నిద్రాణ కణాలు ఖండాలు దాటుతాయి. దీన్ని అరికట్టే అంతర్జాతీయ ఒడంబడిక 2004లో కుదిరి, 2017 సెప్టెంబరులో గానీ అమలులోకి రాలేదు.

ప్రశ్న: మా అమ్మ వయసు 68. ఇరవై ఏళ్లుగా షుగరు ఉంది. కాలి బొటనవేలి దగ్గర చిన్న పుండు మానడం లేదు. కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో సముద్ర స్నానం చేయాలని పట్టుబడుతోంది. ఉప్పునీళ్లు తగిలితే పుండు త్వరగా మానుతుందని కూడా అంటోంది. వద్దంటే బాధపడుతుంది. ఏమి చేయమంటారు? — బాపట్ల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అమ్మగారిని ఆ పుండుతో సముద్రంలో దిగనివ్వకండి. ఈ మాట ఇంత సూటిగా చెప్పడానికి కారణం విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా.

కలరా క్రిమికి ఇది దాయాది. మురుగు కలవకపోయినా, మనుషుల ప్రమేయం లేకపోయినా, గోరువెచ్చని ఉప్పునీటిలో సహజంగానే బతుకుతుంది. నదీ ముఖాల దగ్గర ఉప్పు కాస్త తగ్గిన నీళ్లంటే దానికి మరీ అనుకూలం. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే వృద్ధి చెందుతుంది. మన బంగాళాఖాతం తీరంలో ఏడాది పొడవునా నీటి వేడి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆరోగ్యవంతుడి చర్మం చీలిక లేకుండా ఉంటే ఇది ఏమీ చేయలేదు. తెరిచి ఉన్న పుండు దొరికితే, అందులోనూ షుగరు, కాలేయ వ్యాధి, కిడ్నీ వ్యాధి ఉన్నవారి శరీరం దొరికితే, గంటల్లో కండను తినేస్తూ లోపలికి పాకుతుంది. రక్తంలోకి చేరితే సగం మంది వరకూ చనిపోయే అవకాశం ఉంది. ఇది అరుదైన వ్యాధే. లక్షల మంది మునకలు వేసే చోట ఎక్కువమందికి ఏమీ కాదు. కానీ అరుదుగా జరిగేది ఎవరికి జరుగుతుందో ఆలోచిస్తే, మీ అమ్మగారి గురించి మీరు రాసిన మూడు సంగతులూ ఆ జాబితాలోవే: వయసు, షుగరు, మానని పుండు.

ఉప్పునీళ్లు పుండును మాన్పుతాయన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఇంట్లో మరిగించి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి పుండు కడగడం పాత అలవాటు. ఆ నీటికీ సముద్రపు నీటికీ పోలిక లేదు. ఒకటి క్రిములు లేని ఉప్పునీరు, రెండోది ఉప్పునే ఇష్టపడే క్రిములున్న నీరు. ఈ మాట ఆవిడకు నెమ్మదిగా చెబితే అర్థం చేసుకుంటారనే నమ్ముతున్నాను. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఇసుకలోని గుల్ల పెంకు గుచ్చుకున్నా తెలియదన్న సంగతి కూడా చెప్పండి.

ఆవిడ మనసు కష్టపెట్టకుండా ఒక దారి ఉంది. ఒడ్డున పొడి ఇసుక మీద కుర్చీ వేసి కూర్చోబెట్టండి. పుండుకు కట్టు కట్టించి, పాదాలకు మేజోళ్లు, చెప్పులు తొడగండి. మీరు దోసిట్లో తెచ్చిన నీళ్లను తల మీద సంప్రోక్షణ చేసుకుని, సంకల్పం చెప్పుకుని, దీపం వదిలే పని మీ చేత చేయించవచ్చు. వయసు మళ్లినవారు, అనారోగ్యంతో ఉన్నవారు ఇలా చేయడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. ఇంటికి వచ్చాక మామూలు స్నానం చేయించండి.

ఇదే ఉత్తరం చదువుతున్న మిగతావారికి ఒక మాట. సముద్రంలో దిగిన ఒకటి రెండు రోజుల్లో గాయం చుట్టూ ఎర్రబడి వాచి, కనిపించే గాయానికి పొంతన లేనంత నొప్పి పుట్టి, జ్వరం వస్తే, నల్లగానో ఎర్రగానో నీటి పొక్కులు లేస్తే, తెల్లవారనివ్వండి చూద్దామని ఆగవద్దు. ఆసుపత్రిలో మొట్టమొదటి మాటగా “సముద్రపు నీళ్లు తగిలాయి” అని చెప్పండి. సాధారణ గాయాలకు ఇచ్చే యాంటీబయాటిక్‌లు దీనికి సరిపోకపోవచ్చు. ఆ ఒక్క మాట విన్న డాక్టరు తగిన మందులు వెంటనే మొదలుపెడతారు, అవసరమైతే సర్జనును పిలుస్తారు. ఇక్కడ ప్రాణం కాపాడేది ఆ కొన్ని గంటలే.

పెద్ద వాన పడిన తరువాత రెండు మూడు రోజుల పాటు, ఆరోగ్యవంతులు కూడా నగరపు మురుగు కాలువలు కలిసే బీచ్‌లలో దిగకపోవడం మంచిది. సముద్ర స్నానానికి పనికివచ్చే నీటిలో మల కోలిఫాం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 100 మించరాదని మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం చెబుతోంది. వాన నీటితో పాటు ఊరి మురుగంతా కొట్టుకువచ్చినప్పుడు ఆ హద్దు దాటడం తేలిక.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తాను. చేతులకు రొయ్య కొమ్ములు రోజూ గుచ్చుకుంటాయి. చెరువుల్లో తెల్లమచ్చ, ఈఎంఎస్ అని జబ్బులు వస్తున్నాయి కదా, అవి మాకు అంటుకుంటాయా?

జవాబు: తెల్లమచ్చ వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. అది రొయ్యలదే, మనుషులకు సోకదు. ఈఎంఎస్, అంటే రొయ్యలు చిన్నవిగా ఉండగానే చచ్చిపోయే జబ్బు, దాని సంగతి కొంచెం వేరు. దానికి కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అనే బాక్టీరియాలోని కొన్ని రకాలు. రొయ్య కాలేయాన్ని నాశనం చేసే విషాన్ని తయారుచేసే జన్యువులు వాటికి ఉంటాయి. అదే పేరున్న బాక్టీరియాలో మనుషులకు విరేచనాలు తెప్పించే రకాలు వేరుగా ఉన్నాయి, వాటి విషమూ వేరు. పేరు ఒకటే కావడంతో గందరగోళం వస్తోంది. ఈ క్రిమిని మొదట గుర్తించింది 1950లో జపాన్‌లోని ఒసాకాలో. అక్కడ చిన్న చేపలు తిన్న 272 మంది జబ్బుపడి, 20 మంది చనిపోయారు. మన కలకత్తాలో 1996లో కనిపించిన ఒక రకం తరువాత అనేక దేశాలకు పాకింది. ఇది ప్రాణమున్న క్రిమి కలిగించే జబ్బు కాబట్టి రొయ్యను లోపలి దాకా ఉడికిస్తే భయం లేదు. పచ్చి రొయ్యలు ఒలిచిన పళ్లెంలోనే వేయించిన రొయ్యలు పెట్టడం వల్లనే ఎక్కువ ఇళ్లలో ముప్పు వస్తుంది.

మీకు అసలు జాగ్రత్త కావలసింది చేతుల విషయంలో. గుచ్చుకున్న వెంటనే సబ్బుతో, మంచినీళ్లతో కడుక్కోండి. పసుపు అద్ది గుడ్డ చుట్టి అదే నీళ్లలో మళ్లీ చెయ్యి పెట్టకండి. మందపాటి రబ్బరు తొడుగులు యాజమాన్యం ఇవ్వాలి. ఇవి మీరు బతిమాలి తెచ్చుకోవలసినవి కావు, పనిముట్లలో భాగం. పైన బాపట్ల పాఠకురాలికి రాసిన లక్షణాలు మీకూ వర్తిస్తాయి. షుగరు గానీ, కామెర్లు వచ్చి కాలేయం దెబ్బతిని గానీ ఉన్నవారు ఈ పనిలో ఉంటే, చిన్న గాయాన్ని కూడా అదే రోజు డాక్టరుకు చూపించాలి. చెరువుల్లో ఇష్టం వచ్చినట్టు యాంటీబయాటిక్‌లు కుమ్మరిస్తే ఆ నీటిలోని క్రిములు వాటికి లొంగకుండా తయారవుతాయి. ఆ క్రిములు మొదట ఎదురయ్యేది చెరువు యజమానికి కాదు, మీ వంటి చేతులకే. ఈ సంగతి రైతు సోదరులు ఆలోచించాలని కోరుతున్నాను.

ప్రశ్న: మేము ఫ్లోరిడాలో టాంపా దగ్గర ఉంటాం. గుంటూరు నుంచి మా నాన్నగారు వస్తున్నారు. ఆయనకు ఆస్తమా. ఇక్కడ రెడ్ టైడ్ వచ్చినప్పుడు బీచ్‌లో అడుగు పెట్టకుండానే దగ్గు వస్తుందంటారు. నీళ్లు ముట్టుకోకుండా జబ్బు ఎలా వస్తుంది?

జవాబు: గాలి ద్వారా వస్తుంది. మీ వైపు గల్ఫ్ తీరంలో రెడ్ టైడ్‌కు, అంటే ఎర్ర కెరటానికి, కారణమైన జీవి కరేనియా బ్రెవిస్. అది తయారుచేసే బ్రెవిటాక్సిన్ కూడా, పైన చెప్పిన సాక్సిటాక్సిన్ లాగే, నరాల్లోని సోడియం ద్వారాల మీదే పనిచేస్తుంది. కాకపోతే తీరు తలకిందులు. అది ద్వారాన్ని మూసేస్తుంది, ఇది మూసుకోనివ్వదు. కరేనియా కణం చాలా సున్నితమైనది. అల విరిగినప్పుడు కణం పగిలి విషం నీటిలో కలుస్తుంది. అలల నురగ నుంచి లేచే సన్నని తుంపరలతో అది గాలిలోకి ఎక్కుతుంది. సముద్రం నుంచి ఒడ్డుకు గాలి వీస్తే బీచ్ దాటి లోపలి ఇళ్ల దాకా వస్తుంది. మామూలు మనిషికి గొంతు గరగర, దగ్గు, కళ్ల మంట కలిగి, అక్కడి నుంచి తప్పుకోగానే తగ్గిపోతాయి. ఆస్తమా ఉన్నవారికి అలా తగ్గదు. కొద్దిసేపు పీల్చినా ఊపిరితిత్తులు బిగుసుకుని, ఆ ఇబ్బంది ఇంటికి వచ్చాక కూడా కొనసాగవచ్చు.

ఇది ఏదో నాలుగు రోజుల ముచ్చట అనుకోకండి. 2017 అక్టోబరులో మొదలైన ఒక విజృంభణ 2019 ఆరంభం దాకా సాగింది. 2018 ఆగస్టులో ఆ రాష్ట్ర గవర్నరు అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. ఫ్లోరిడా చేపలు, వన్యప్రాణుల సంరక్షణ కమిషన్ నీటి నమూనాలు పరీక్షించి, ఏ తీరంలో ఎంత ఉందో పటాలతో తరచూ ప్రకటిస్తుంది. నాన్నగారిని బీచ్‌కు తీసుకువెళ్లే రోజు ఉదయం దాన్ని చూడండి, గాలి ఎటు వీస్తుందో కూడా చూడండి. గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి వీస్తుంటే ఇబ్బంది తక్కువ. ఆయన ఇన్‌హేలరు జేబులోనే ఉండాలి, కారులో కాదు. దగ్గు మొదలైతే వెనక్కి వచ్చి, కిటికీలు మూసి ఏసీ వేసుకోండి.

అక్కడి దుకాణాల్లో, హోటళ్లలో అమ్మే ఆల్చిప్పలు నియంత్రణలో ఉన్న నీటి నుంచి వస్తాయి, ఈ విషం విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు. మీరే సరదాగా ఏరినవి మాత్రం వద్దు. పచ్చి ఆయిస్టర్లు నాన్నగారికి ఎప్పుడూ పెట్టకండి. వాటి ద్వారా పైన చెప్పిన విబ్రియో వల్నిఫికస్ కూడా రావచ్చు. 2022లో అయాన్ తుఫాను తరువాత వరద నీటిలో తిరిగినవారిలో ఆ జబ్బు పెరిగి, ఆ ఒక్క ఏడాదిలో ఫ్లోరిడాలో 74 మందికి సోకి 17 మంది మరణించారు.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక దుకాణంలో కానాగంతలు కొని పులుసు పెట్టాం. తిన్న పావుగంటకు నలుగురికీ ముఖం ఎర్రబడి, ఒళ్లంతా దద్దుర్లు, తలనొప్పి, గుండె దడ. డాక్టరు చేపల ఎలర్జీ అన్నారు. ఇన్నేళ్లూ తింటున్నాం, నలుగురికీ ఒకేసారి ఎలర్జీ వస్తుందా? ఇక జీవితంలో చేపలు మానేయాలా?

జవాబు: మీ అనుమానం సరైనదే. ఒకే గిన్నెలోది తిన్న నలుగురికీ ఒకేసారి వచ్చిందంటే అది ఎలర్జీ కన్నా హిస్టమిన్ విషప్రభావం అయ్యే అవకాశమే ఎక్కువ. కానాగంత, సూర వంటి ముదురు మాంసపు చేపల్లో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పట్టిన చేపను వెంటనే ఐసులో పెట్టకపోతే, దాని మొప్పల్లో, పేగుల్లో ఉండే మోర్గనెల్లా వంటి బాక్టీరియా ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తాయి. ఎలర్జీ వచ్చినప్పుడు మన శరీరమే విడుదల చేసే పదార్థం కూడా ఇదే. అందుకే రెండూ ఒకలాగే కనిపిస్తాయి, డాక్టర్లు కూడా పొరబడతారు. మీరు పులుసు మరిగించినప్పుడు బాక్టీరియా చచ్చిపోయింది, హిస్టమిన్ మిగిలిపోయింది.

సాధారణంగా ఇది ఒక రోజులో తగ్గిపోతుంది, యాంటీహిస్టమిన్ మాత్రతో ఇంకా త్వరగా తగ్గుతుంది. ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగి పడిపోతున్నట్టు ఉన్నా ఆసుపత్రికి వెళ్లాలి. చేపలు మానేయవలసిన అవసరం లేదు. అయినా నిర్ధారణ కోసం ఒకసారి ఎలర్జీ నిపుణుడికి చూపించి, నలుగురికీ ఒకేసారి వచ్చిందన్న సంగతి మరువకుండా చెప్పండి.

కొన్ని పెద్ద చేపల్లో ఇంకో రకం విషం ఉండవచ్చు, దానికి ఐసుతో సంబంధం లేదు. పగడపు దిబ్బల మీద పెరిగే గాంబియెర్డిస్కస్ అనే సూక్ష్మజీవిది ఆ విషం. చిన్న చేపల నుంచి పెద్ద చేపలకు చేరుతూ పేరుకుంటుంది. 2016లో మంగళూరు ప్రాంతంలో ఎర్ర స్నాపర్ చేపల తలలు వండుకున్నవారు దీనివల్లే జబ్బుపడ్డారు. చల్లని నీళ్లు తాకితే కాలినట్టు అనిపించడం దీని గుర్తు. పగడపు దిబ్బల వైపు నుంచి వచ్చిన బాగా పెద్ద చేప అయితే తల, కాలేయం, పేగులు, గుడ్లు వండుకోకండి.

కానాగంతల విషయానికి వస్తే, హైదరాబాద్ దాకా చేప రావడానికి ఎంతో దూరం, ఎన్నో చేతులు. దారిలో ఎక్కడ ఐసు కరిగినా హిస్టమిన్ తయారవుతుంది, మళ్లీ ఐసు వేసినంత మాత్రాన అది పోదు. కాబట్టి పైన నాలుగు ముక్కల ఐసు చల్లి పెట్టిన చేపను కాకుండా, ఐసులో కూరి ఉన్న చేపను కొనండి. మొప్ప ఎత్తి చూసి, వేలితో నొక్కి చూడండి. అవి బాగున్నంత మాత్రాన హిస్టమిన్ లేదని కాదు గానీ, బాగాలేని చేపను మాత్రం అక్కడే వదిలేయవచ్చు. కొన్న వెంటనే ఇంటికి తెచ్చి, పొట్ట శుభ్రం చేసి ఫ్రిజ్‌లో పెట్టండి. మసాలా పట్టించి మధ్యాహ్నం దాకా వంటింటి గట్టు మీద ఉంచకండి. నోట్లో పెట్టుకోగానే మిరియాలు వేయకపోయినా మిరియపు ఘాటు నాలుకకు తగిలితే ఆ ముక్కను ఉమ్మేసి, గిన్నె పక్కన పెట్టేయండి.